యాప్ తయారు చేసే ముందు మా చేలోకి రండి

మళ్లీ పత్తి గింజ పెట్టే రోజులొచ్చాయి. దుక్కి ఖర్చు, విత్తనం, ఎరువు, కూలి లెక్కలు వేసుకుంటున్నాం. ఈ లెక్కల్లో కొత్తగా మరో బెంగ చేరింది. అమ్ముకునే నాటికి ఫోను మన మాట వింటుందా?

2025 సీజన్ నుంచి పత్తిని మద్దతు ధరకు అమ్మాలంటే కాటన్ కార్పొరేషన్ వారి కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకోవాలి, స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆ ఏడాది పొడుగు పింజ పత్తికి ధర క్వింటాకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే కోత పడుతుంది, 12 దాటితే కొనరు. మిల్లు ముందు రాత్రుళ్లు ట్రాక్టర్ కింద పడుకునే బాధ తప్పించడానికే స్లాట్ అంటే, ఆ ఉద్దేశాన్ని మేం కాదనం.

కానీ బస్సు టికెట్‌కు సరిపోయిన స్లాటు పత్తికి సరిపోదు. ప్రయాణం ఏ రోజో మనం అనుకోవచ్చు. పత్తి తీసే రోజు కూలీల చేతిలో, ఆరే రోజు ఎండ చేతిలో ఉంటాయి. స్లాట్ తీసుకున్నాక మబ్బు పట్టిందనుకోండి. తడి పత్తి తీసుకుపోతే తిరిగి రావాలి, పోకుంటే ఆ రోజు పోయినట్టే. బండి కిరాయి మాత్రం రైతు నెత్తినే. చివరికి ఇంటి ముందుకొచ్చిన దళారికే కాంటా వేస్తాం. అతను ఓటీపీ అడగడు.

ఆమధ్య మా సంఘం వాళ్లం ఐదారుగురం ఎర్రుపాలెంలో కూర్చుని ఓ రైతు కోసం వేరే యాప్ ఒకటి తెరిచాం. ‘వివరాలు సరిపోలలేదు’ అంది. ఏ వివరం? పేరా, ఖాతా నంబరా, సర్వే నంబరా? చెప్పదు. పాసుపుస్తకంలో ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో వెనకుంది. ఆ సంగతి కనిపెట్టడానికి మాకు రెండు గంటలు పట్టింది. అంతసేపూ ఆ రైతు ‘నాకు చదువు రాకపాయె’ అని తననే తిట్టుకున్నాడు. తప్పు యాప్‌ది, సిగ్గు రైతుది. మాకు అన్నిటికంటే కష్టమనిపించింది ఇదే.

ధరణి అనుభవం మరిచిపోలేదు. 2020 అక్టోబర్ 29న మొదలైన ఆ పోర్టల్‌లో 33 మాడ్యూళ్లు వచ్చి చేరాయి. తన సమస్య ఏ మాడ్యూల్ కిందికి వస్తుందో రైతే తేల్చుకోవాల్సి వచ్చింది. అనుభవదారు కాలమ్ తీసేయడంతో దున్నేవాడు రికార్డులోనే కనపడకుండా పోయాడు. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది, మాడ్యూళ్లు ఆరుకు తగ్గాయి. ఆరే సరిపోయేటప్పుడు అన్నేళ్లు 33 గుమ్మాల చుట్టూ ఎందుకు తిప్పారు? రైతును ముందే అడిగి ఉంటే ఆ తిప్పలు తప్పేవి.

చదువు రానివాళ్లకు పద్ధతులు చేయడం చేతకాని దేశం కాదు మనది. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు చాలామందికి అక్షరం ముక్క రాదు. అందుకని గుర్తులు పెట్టారు, ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టారు. కాడెద్దుల బొమ్మ చూసి జనం ఓటేశారు. ఓటరుకు చదువు వచ్చేదాకా ఎన్నికలు ఆపలేదు. ఇవాళ బజ్జీల బండి మీది చిన్న పెట్టె, డబ్బులు ఎన్ని పడ్డాయో తెలుగులో గట్టిగా చెబుతోంది. బండి ఆమెకు స్క్రీను చూసే పనే లేదు. ఆమె పని ఎలా ఉంటుందో తెలుసుకుని చేశారు కాబట్టే అది పనికొచ్చింది.

భద్రాచలం వైపు అడవి అంచు గూడేల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. చాలా ఇళ్లలో ఉన్నది బటన్ ఫోనే. ఓటీపీ హైదరాబాద్‌లో ఉన్న కొడుకు నంబరుకు పోతుంది. భూమి కాగితం అడిగే యాప్ ఏదైనా సరే, కౌలు రైతుది గుమ్మం బయటి బతుకే. వీళ్లను లెక్కలోకి తీసుకోకుండా చేసిన యాప్ రైతు యాప్ ఎలా అవుతుంది?

అందుకే కొనుగోళ్లు మొదలుకాక ముందే అడుగుతున్నాం:

1. ఏ యాప్ అయినా ముందు ఊళ్లో పరీక్షించాలి. కౌలు రైతు, మహిళా రైతు, పోడు రైతు చేత నడిపించి చూడాలి.

2. తప్పు వస్తే ఏది తప్పో, ఎక్కడికి పోవాలో తెలుగులో, మాటలో చెప్పాలి.

3. వాన పడితే స్లాట్ దానంతట అదే ముందుకు జరగాలి.

4. బటన్ ఫోన్ నుంచి కాల్ చేసి స్లాట్ తీసుకునే వీలుండాలి.

5. రైతు వేదికలో ఒక మనిషి, ఒక రిజిస్టరు, ఒక రసీదు ఉండాలి. యాప్ పనిచేయని రోజు ఆ రసీదే చెల్లాలి.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా! యాప్ తిప్పి కొట్టినప్పుడు మనకు తెలివి లేదనుకోకండి. ఆ తేదీ, ఫోనులో వచ్చిన మాట రాసి సంఘానికి ఇవ్వండి. కట్టగట్టి అధికారుల ముందు పెడదాం. నాగలి బరువైతే ఎద్దును తిట్టం, కమ్మరి దగ్గరికి పోయి నాగలిని సరిచేయిస్తాం. యాప్ విషయంలోనూ అదే చేద్దాం.