ఎక్సెల్ షీటు పందెంరాయుళ్ళు

అమెరికాలో మా టీమ్‌లో ఓ మిత్రుడున్నాడు. సీజన్ మొదలైతే ప్రతి ఆదివారం ఎన్ఎఫ్ఎల్ మీద పందెం కాస్తాడు. "జూదం కాదు గురూ, ఎనలిటిక్స్" అని ఎక్సెల్ షీటు తెరుస్తాడు. పరుగు గజాలు ఎక్కువున్న జట్టే నెగ్గుతుందట! బాబూ, ఆధిక్యంలో ఉన్న జట్టు టైము కరిగించడానికి బంతి పట్టుకుని పరిగెడుతుంది. నెగ్గుతోంది కాబట్టే ఆ గజాలు. రోజంతా సర్వర్ లాగ్‌లలో ఏది కారణం, ఏది ఫలితం అని వెతికే మనిషికి ఇది తట్టదా?

2007లో పేట్రియాట్స్ 16కి 16 మ్యాచులూ నెగ్గి 589 పాయింట్లు కొట్టారు, అప్పటికి రికార్డు. 2008 ఫిబ్రవరి సూపర్ బౌల్‌కి డజను పాయింట్ల ఫేవరెట్లు. జెయింట్స్ చేతిలో 17-14తో పోయారు. 2013 సీజన్లో బ్రాంకోస్ 606 కొట్టి ఆ రికార్డు చెరిపారు. ఫైనల్లో సీహాక్స్ వాళ్ళని 43-8తో ఉతికేశారు.

సరే, రెండు మ్యాచులు చూపించి గణాంకాలు దండగ అననులెండి, అదీ తప్పే. నా గొడవ వేరు. ఆ సగటులు బుకీకి తెలియవా? స్ప్రెడ్ పెట్టేటప్పుడే అవన్నీ కలిపేశాడు. పైగా మామూలు రేటున 100 గెలవాలంటే 110 కాయాలి. అంటే నూటికి 52.4 సార్లు కరెక్టయితేనే చేతి చమురు వదలకుండా బయటపడేది. జట్టుకి 17 మ్యాచుల డేటా, షీట్లో నలభై కాలమ్స్! ఇంటర్వ్యూలో ఎవరైనా ఇలాంటి మోడల్ చూపిస్తే ఇతనే నవ్వుతాడు.

"పోయిన సీజన్లో ఎంత మిగిలింది?" అని అడిగాను. ఆ కాలమ్ ఒక్కటీ లేదు. ఈ నెల ఊళ్ళో నాన్నగారికి పంపాల్సిన డబ్బులు మాత్రం నన్ను సర్దమన్నాడు.