సూది వేసేవారు చెప్పవలసిన మాట

“చెబితే భయపడతారు, చెప్పకపోవడమే మేలు” అనే వాదనను నేను అంగీకరించను.

2017లో కేంద్ర ప్రభుత్వం ‘అంతర’ పేరుతో, మూడు నెలలకొకసారి వేసే గర్భనిరోధక సూదిని ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా అందించడం ప్రారంభించింది. అందులోని మందు మెడ్రాక్సీప్రొజెస్టిరాన్. దీనిని ఏడాదికి మించి వాడిన స్త్రీలలో, ఆపరేషన్ అవసరమయ్యే మెనింజియోమా ముప్పు సుమారు అయిదున్నర రెట్లు ఉన్నట్లు 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఫ్రాన్సు అధ్యయనం తేల్చింది. మెదడు పొరలలో పుట్టే ఈ గడ్డ చాలావరకు క్యాన్సర్ కాదు. కానీ కంటినరాన్ని నొక్కితే చూపు పోవచ్చు.

గడ్డ అరుదైనదే, ఎన్ని రెట్లు పెరిగినా ముప్పు స్వల్పమే. కనుక భయంతో సూది మానేసి, అవాంఛిత గర్భం తెచ్చుకోకండి. హార్మోను లేని కాపర్-టీ ఉన్నది, అడగండి.

అయితే అరుదన్నది దాచడానికి సాకు కాదు. మా కొత్తకోట వంటి ఊళ్లలో తలనొప్పికి మాత్ర, చూపు మందగిస్తే కళ్లజోడు. సూది సంగతి అడిగేవారెవరు? తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, మూర్ఛ వచ్చినా “ఇన్నేళ్లుగా ఈ సూది వాడుతున్నాను” అని వైద్యునికి మీరే చెప్పండి.

ఈ రెండు మాటలు చెప్పి సూది వేయడానికి రెండు నిమిషాలు చాలు. ఉచితంగా ఇచ్చినంత మాత్రాన తెలుసుకునే హక్కు పోదు.