పేరు కానుక, పని జూదం

మన నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఏ ఇంట పెళ్లి జరిగినా పందిట్లో ఓ మూల నోటుపుస్తకం ముందేసుకుని ఒకాయన కూర్చుంటాడు. ఎవరెంత చదివించారో పేరుపేరునా రాసుకుంటాడు. రేపు వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆ పుస్తకం తిరగేసి, అంతకు తగ్గకుండా మనమూ చదివిస్తాం. ఇచ్చిందెవరో, పుచ్చుకున్నదెవరో నలుగురికీ తెలుసు. ఆ బాకీ తీరడానికి ముక్కూమొహం తెలియని మూడో మనిషి డబ్బు పోగొట్టుకోనవసరం లేదు.

ఇంత మంచి ఆచారం పేరును అడ్డుపెట్టుకుని దేశదేశాల్లో సాగుతున్న వ్యవహారమే ‘క్యాష్ గిఫ్టింగ్ క్లబ్బు’, అంటే నగదు కానుకల క్లబ్బు. ఇందులో మొదట కనిపించేది డబ్బు కాదు, భాష. చేరడానికి కట్టే సొమ్మును రుసుము అనరు, ‘గిఫ్ట్’ అంటారు. మనిషిని చేర్పించడాన్ని ‘ఆహ్వానం’ అంటారు. పైనున్నవారికి ముట్టేదాన్ని ‘బ్లెస్సింగ్’ అంటారు. సభ్యులంతా ఒక ‘కుటుంబం’. పెట్టుబడి, లాభం, నష్టం అనే మాటలు పొరపాటున కూడా నోట రానివ్వరు. ఎందుకంటే ఆ మాటలు వినబడితే వినేవాడు లెక్క అడుగుతాడు. కానుక అంటే లెక్క అడగడానికి మొహమాటపడతాడు.

ఆ లెక్కేమిటో మనమే చూద్దాం. ఈ క్లబ్బుల్లో ఎక్కువగా కనిపించే పట్టికలో పైన ఒకరు, వారి కింద ఇద్దరు, ఆ కింద నలుగురు, అట్టడుగున ఎనిమిది మంది ఉంటారు. అడుగున చేరిన ఎనిమిది మంది తలా 5,000 రూపాయలు పైనున్న ఒక్కరికి ‘కానుక’ ఇస్తారు. ఆయన 40,000 తీసుకుని తప్పుకుంటాడు. పట్టిక రెండుగా చీలుతుంది. ఇప్పుడు మరో పదహారు మంది కావాలి. ఇందులో పంట లేదు, సరుకు లేదు, దుకాణం లేదు. ఒకరు తీసుకున్నది ఎనిమిది మంది జేబుల్లోంచి వచ్చిందే. కాబట్టి క్లబ్బు ఎన్నాళ్లు నడిచినా, ఎంత నిజాయితీగా నడిచినా, చేరిన ప్రతి ఎనిమిది మందిలో ఏడుగురు పోగొట్టుకోక తప్పదు. ఒక్కడికి ఎనిమిది మంది, ఆ ఎనిమిది మందికి 64 మంది, వారికి 512 మంది అని లెక్క కట్టుకుంటూ పోతే ఆరో మెట్టులో 2,62,144 మంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో నంద్యాల పట్టణమంతా కలిపితే సుమారు రెండు లక్షలు. పసిపిల్లలతో సహా ఊరంతటినీ చేర్చినా ఆరో మెట్టు నిండదు.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఈ ఆటను మహిళల మధ్య ‘గిఫ్టింగ్ టేబుల్స్’ పేరుతో నడిపారు. చేరేవారు 5,000 డాలర్లు ఇవ్వాలి, పైకెక్కితే 40,000 డాలర్లు వస్తాయి. మెట్లకు విందు భోజనంలోని వంటకాల పేర్లు పెట్టారు. అడుగున ఉన్నవారు తొలి చిరుతిండి, పైనున్నవారు చివరి మిఠాయి. వినడానికి పేరంటంలా ఉన్న ఈ వ్యవహారంలో 2013లో ఫెడరల్ కోర్టు ఇద్దరు నిర్వాహకురాళ్లను దోషులుగా తేల్చి జైలుకు పంపింది. ఇలాంటి క్లబ్బుల్లో సభ్యుల చేత ‘తిరిగి ఏమీ ఆశించకుండా ఇస్తున్నాను’ అని కాగితం మీద సంతకం చేయించుకోవడం మామూలే. మేనకోడలి పెళ్లిలో చదివింపు ఇచ్చేటప్పుడు మనచేత అలాంటి సంతకం ఎవరైనా అడిగారా? నిజమైన కానుకకు సంతకంతో పనిలేదు.

మన దేశంలో ఇందుకు చట్టం 1978లోనే వచ్చింది. ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం అది. పథకాన్ని ఏ పేరుతో పిలిచినా, కొత్త సభ్యుల చేరిక మీద ఆధారపడి డబ్బు ఇస్తామంటే అది నేరమేనని దాని సారాంశం. నడిపినవాడే కాదు, చేరినవాడూ తప్పు చేసినట్టే. మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ‘కానుకకు పన్ను లేదు’ అనే మాట కూడా సగం నిజమే. దగ్గరి బంధువులు ఇచ్చినదీ, స్వంత పెళ్లికి వచ్చినదీ మినహా, ఏడాదిలో బయటివారి నుంచి వచ్చిన నగదు 50,000 దాటితే ఆ మొత్తమంతా ఆదాయం కిందికే వస్తుంది.

ఈ చట్టం మన ప్రాంతానికి కొత్త కాదు. 2014 మే నెలలో, నంద్యాల ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో, కర్నూలు పోలీసులు గుర్‌గావ్ వెళ్లి ఆమ్వే ఇండియా అధిపతి విలియం పింక్నీని అరెస్టు చేశారు. అంతకుముందు 2007లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు ఆ కంపెనీ పథకం ఈ చట్టం పరిధిలోకి వస్తుందని అభిప్రాయపడింది. తమకు ఆ చట్టం వర్తించదని కంపెనీ వాదించింది. సబ్బులూ, పౌడర్లూ అమ్మేచోటే ఇంత వివాదం రేగితే, అమ్మే వస్తువే లేని కానుకల క్లబ్బు మాటేమిటి?

మన కుటుంబాలకు మరో ప్రమాదం ఉంది. మనకు ప్రీతిపాత్రమైన మాటలే మన మీద వలగా పడతాయి. వడ్డీ లేని హలాల్ పెట్టుబడి, ఏటా 36 శాతం దాకా లాభం అంటూ డబ్బు సేకరించారన్న ఆరోపణపై హీరా గ్రూపు అధినేత్రి నౌహెరా షేక్‌ను 2018 అక్టోబరులో పోలీసులు అరెస్టు చేశారు. ఆ ఆరోపణలను ఆమె తోసిపుచ్చారు. 2019లో బెంగళూరులో ఐఎంఏ సంస్థ కూలిపోయి వేలాది ముస్లిం కుటుంబాలు వీధిన పడ్డాయి. అక్కడ డబ్బు కట్టినవారిని డిపాజిటర్లు అనలేదు, ‘భాగస్వాములు’ అన్నారు. ఇవి కానుకల క్లబ్బులు కావు. కానీ మాట మార్చి మనిషిని నమ్మించే తీరు ఒకటే. హదియా, బర్కత్, ఖర్జె హసనా అనే పవిత్రమైన మాటలు రేపు ఇలాంటి పట్టిక మీద కనిపించవన్న భరోసా ఏమీ లేదు.

పేరు మారితే వస్తువు మారదన్న సంగతి మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. జకాత్ వసూలుకు వెళ్లి వచ్చిన ఒకాయన, ఇది మీది, ఇది నాకు వచ్చిన కానుక అని వేరు చేసి చూపినప్పుడు, తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే అతనికి ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (స) నిలదీసిన ఉదంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. ఆ గీటురాయి ఈ క్లబ్బులకు అచ్చంగా సరిపోతుంది. కొత్తగా ఒక్కరూ చేరకపోతే, ఇంట్లో కూర్చున్న నాకు ఈ ‘కానుక’ వస్తుందా? రాదు. అంటే అది కానుక కాదు. ఇతరుల నష్టం మీద పందెం. ఆ పందేన్ని ఖుర్ఆన్ మాయిదా సూరా నిషేధించిన జూదం నుంచి వేరు చేసి చూపడం ఎవరి తరమూ కాదు.

అన్నిటికన్నా బాధాకరం మరొకటుంది. ఈ ఆటలో ముందుగా గుర్తొచ్చేది అయినవాళ్లే. ఖాలాజాన్, ఫుప్పీ, పక్కింటి ఆపా, దుకాణంలో పనిచేసే కుర్రాడు. పోగొట్టుకునే ఏడుగురూ మనం పిలిస్తే వచ్చినవాళ్లే. ఆళ్లగడ్డలాంటి ఊళ్లో వారికి ఎదురుపడకుండా ఎన్నాళ్లు తిరుగుతాం? డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. జుమా నమాజులో పక్కన నిలబడ్డ మనిషి నమ్మకం పోతే ఏం పెట్టి కొంటాం?

కాబట్టి ఎవరైనా ఇలా ఆహ్వానిస్తే సిగ్గుపడకుండా మూడు ప్రశ్నలు వేయాలి. రేపటి నుంచి ఎవరూ చేరకపోతే నా డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? రశీదు ఎవరిస్తారు? నాకు వద్దనిపిస్తే తిరిగిస్తారా? ఇప్పటికే చేరినవారు మరొకరిని చేర్చి తమ నష్టం పూడ్చుకోవాలని చూడకూడదు. ఫోనులోని సందేశాలు, చెల్లింపుల వివరాలు భద్రం చేసుకుని పోలీసులను ఆశ్రయించాలి. ఆన్‌లైన్‌లో మోసపోతే 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి.

అవసరంలో ఉన్న బంధువుకు ఇవ్వాలనుకుంటే 5,000 రూపాయలు నేరుగా అతని చేతిలో పెట్టవచ్చు. అందుకు పట్టికా అక్కరలేదు, కింద ఎనిమిది మందీ అక్కరలేదు. దాన్ని కానుక అని నిస్సంకోచంగా పిలుచుకోవచ్చు.