మత్తుమందు చెప్పిన పాఠం

గత మాసం సికింద్రాబాద్‌లోని మా మదరసాలో ఒక విద్యార్థి పాఠం మధ్యలో లేచి, "హజ్రత్! అమ్మీకి ఆపరేషన్ చేస్తారట. మత్తు ఇచ్చాక మళ్లీ లేస్తుందా?" అని అడిగినాడు. మేము వెంటనే బదులు చెప్పలేకపోయినాము. ఆ భయానికి మన నగరంలోనే ఒక చరిత్ర ఉన్నది.

మీథేన్ అణువులోని మూడు హైడ్రోజన్‌ల స్థానంలో మూడు క్లోరిన్‌లు చేరితే క్లోరోఫామ్ ఏర్పడుతుంది. ఇది రంగులేని ద్రవం. తీపి వాసన గలది, నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువైనది, 61 డిగ్రీల వద్ద మరుగుతుంది. పూర్వం బ్లీచింగ్ పౌడరును ఆల్కహాలుతో కలిపి, కాచి, ఆవిరిని చల్లార్చి దీనిని తీసేవారు. కనుకనే ఇంట్లో బ్లీచింగ్ పౌడరును స్పిరిట్‌తో గాని శానిటైజర్‌తో గాని కలుపరాదు.

1847లో ఎడిన్‌బరో వైద్యుడు సింప్సన్ దీనిని ప్రసవవేదనకు వాడినాడు. మరుసటి ఏడే ఇంగ్లండులో కాలిగోరు తీయించుకోవచ్చిన 15 ఏళ్ల హన్నా గ్రీనర్ ఆ మత్తులోనే మరణించినది. ముందు ఆగేది గుండెయా, శ్వాసయా? వైద్యులలో వివాదం రేగినది.

దానిని తేల్చుటకు హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లోను, 1889లోను కమిషన్లు నడిపినాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయం చేసినారు. రెండవసారి లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చినాడు. వందలాది జంతువులపై పరీక్షించి, "ముందు ఆగేది శ్వాసయే, దానిని కనిపెట్టి ఉంటే చాలు, గుండెకు భయం లేదు" అని తేల్చినారు. అయితే కొద్దిపాటి మత్తులో కూడా గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగగలదని 1911లో లెవీ పరిశోధన చూపినది. హైదరాబాద్ తీర్పులో సగం నిలిచినది, సగం కూలినది. శ్రద్ధగా చేసిన పరీక్ష సైతం అతినిశ్చయానికి లొంగితే తప్పుదారి పట్టునని మేము గ్రహించినాము.

గుండెకు, కాలేయానికి హాని కలుగుటచేత నేడు ఆపరేషన్లలో క్లోరోఫామ్ వాడరు. శీతలీకరణ వాయువుల, టెఫ్లాన్ తయారీకి మాత్రం వాడుతున్నారు. ఇప్పటి మత్తు వైద్యులు శ్వాసను, గుండెను, రక్తంలోని ఆక్సిజన్‌ను చివరివరకు గమనిస్తూనే ఉంటారు.

ఆ బాలునితో ఇదే చెప్పి, మరొక మాట జోడించినాము: "అమ్మీ వాడే మందులు, ఆయాసం, పూర్వం మత్తుతో కలిగిన ఇబ్బంది, ఏదీ దాచవద్దు. పరగడుపున ఉండమన్నప్పుడు పొరపాటున చాయ్ తాగినా సిగ్గుపడక చెప్పండి. మత్తులో కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం."

పాఠకులారా! వైద్యుని జాగ్రత్త సగం, మన నిజాయితీ సగం.