వస్తుపరీక్ష: జర్మను వేటకత్తి



చదువునకై జర్మనీ వెళ్ళిన తన కుమారుడు మూడునెలలు కూడబెట్టిన సొమ్ముతో నచ్చట నొక పాత వేటకత్తిని కొనదలచినాడనియు, అది 1760 నాటిదని అమ్మువాడు చెప్పుచున్నాడనియు, ఆ మాట నమ్మదగునా యనియు నొక సోదరి ఛాయాచిత్రములతో మాకు వ్రాసిరి. పాతవస్తువును కొనువారి కందఱకును పనికివచ్చు ప్రశ్న గాన సమాధాన మిచ్చటనే వ్రాయుచున్నాము.

ఈ కత్తిని జర్మనులు హిర్ష్‌ఫెంగర్ అందురు; దుప్పిని పట్టునది యని పదార్థము. గాయపడి కూలిన దుప్పికి తుదిపోటు పొడుచుటకు వేటగాండ్రు దీనిని వాడెడివారు. పిమ్మట నిది అటవీయుద్యోగుల వేషమున కలంకారమైనది. వీనిలో పెక్కింటి అలుగులు జర్మనీ పడమటిభాగమున నున్న జోలింగెన్ పట్టణమున తయారైనవి.

తర్కశాస్త్రము ఆప్తవాక్యమును ప్రమాణముగా నంగీకరించును. కాని అమ్మువాని మాట ఆప్తవాక్యము కాదు; ఆ మాటవలన వానికి లాభము గలదు. కావున వస్తువునే ప్రశ్నింపవలయును.

మొదట అలుగుమీది అక్షరములు చూడుడు. 1887లో ఇంగ్లండును, 1890లో అమెరికాయును చేసిన చట్టములవలన ఎగుమతి సరకుపై పుట్టిన దేశము పేరు ఇంగ్లీషున ముద్రించు వాడుక బలపడినది. ‘రోస్ట్‌ఫ్రై’ అనగా తుప్పుపట్టనిది. అట్టి ఉక్కు 1912, 1913 సంవత్సరములలో గాని వెలువడలేదు. సోదరి పంపిన చిత్రములో పిడి మొదట ‘మేడిన్ జర్మనీ’ యని స్పష్టముగా నున్నది. 1760 అను మాట యిచ్చటనే కూలినది.

ముద్ర యున్నంతమాత్రమున నమ్మరాదు. డాన్యూబు తీరమందలి పస్సౌ పట్టణపు కత్తులకు తోడేలుగుర్తు ప్రసిద్ధము. దానికి గల పేరును చూచి జోలింగెన్ కమ్మరులు తమ అలుగులపైనను తోడేలును చెక్కిరి. పేరుకొఱకు ముద్రను అరువు తెచ్చుకొనుట నేటి విద్య కాదు.

తరువాత అవయవములు. పిడికి ముందు గవ్వచిప్పవంటి రేకుండిన యెడల, దానిమీది దుప్పి, కుక్క బొమ్మల గీతలు మంచిపనిలో వాడిగా నుండును. నకలుపోతలో నవి మొద్దువారి, గాలిబుడగల గుంటలు కానవచ్చును. పిడి నిజమైన దుప్పికొమ్మైనచో దాని గరుకుచాళ్ళు ఒకదానివలె నొకటి యుండవు. ఏండ్లు గడచినకొలది కొమ్ము కుదించుకొనిపోయి లోహపుపట్టీయొద్ద సన్నని సందు విడుచుటయు గలదు. అచ్చులో పోసిన పిడికి తఱచుగా అతుకుగీత యుండును. ఒర అలుగునకు సరిపోవునో లేదో కూడ చూడవలయును; వేఱువేఱు కత్తుల భాగములను జతపఱచి యమ్మువారును గలరు.

అరుగుదల కూడ సాక్షియే. చేయి తగులుచోట నునుపును, తగులని మూలల మురికియు నుండుట సహజము. అంతటను ఒకేతీరున నల్లబడియున్నచో ద్రావకముతో ముసలితనము తెచ్చిపెట్టిరని శంకింపవలయును. 1933 మొదలు 1945 వఱకు సాగిన నాజీపాలనపు చిహ్నములుగల కత్తులకు గిరాకి హెచ్చు. అందుచే మామూలు కత్తికి ఆ చిహ్నమును తరువాత తగిలించుటయు గలదు. అట్టిచోట మఱింత జాగరూకత వలయును.

ఇక సోదరికి మా సలహా. 1760 అబద్ధమైనంత మాత్రమున కత్తి యంతయు అబద్ధము కాదు. పిడి, రేకు, ఒర పరీక్షకు నిలిచినచో అది తరువాతి కాలపు మంచి పనియే కావచ్చును. అప్పుడు ఆ కాలపు కత్తికి తగిన వెలయే యీయవలయును. కథకు వెల కట్టరాదు. అబ్బాయిని ముందుగా జోలింగెన్ పట్టణపు గ్రాఫ్రాట్ భాగమున నున్న జర్మను అలుగుల ప్రదర్శనశాలకు పోయి, అసలైన కత్తులను కన్నులార చూచి రమ్మనుడు. నూఱుమాటలకంటె ఆ చూపు మేలు. అమ్మువాడు తొందరపెట్టినచో విడిచివచ్చుటయే లాభము.

కొన్న పిమ్మట చింతపండుతో ఇత్తడిచెంబును తోమినట్లు దానిని తోమరాదు. మెఱపు వచ్చును గాని, ఏండ్లు వ్రాసిన సాక్ష్యము చెఱగిపోవును. పొడిగుడ్డతో తుడిచి, అలుగునకు సన్నగా నూనె పూసి, తోలుఒరనుండి వేఱుగా దాచిన చాలును.