ఈశ్వరానుమానము – పూర్వపక్షగౌరవము

కోనసీమ అగ్రహారములలో త్రేతాగ్నులను కాపాడుకొనుచు వచ్చిన ఆహితాగ్నుల పరంపర సుప్రసిద్ధము. వారి కర్మకాండకు ఆధారమైన పూర్వమీమాంసయే భాట్టమతమున జగత్కర్తయగు ఈశ్వరుని అంగీకరింపలేదు. ఈ విషయము మన తరగతులలో ఎంతవరకు చర్చింపబడుచున్నది?

తర్కసంగ్రహదీపికలోని ఈశ్వరానుమానమును విద్యార్థి వల్లించును. ఘటమునకు కుమ్మరివలె, కార్యమగు పృథివ్యాదులకును కర్త ఉండవలెనని దాని సారము. దానిపై వచ్చిన ఆక్షేపములను మాత్రము అతడెరుగడు. శరీరము లేనివాడు ఎట్లు సృజించును? ప్రాణులే లేనప్పుడు ఎవరిపై దయతో సృజించును? అని కుమారిలభట్టు శ్లోకవార్తికమున ప్రశ్నించెను. మట్టితో ఏర్పడిన ఆకారమగుటయే హేతువైనచో పుట్టయు కుమ్మరి చేసినదే కావలెనని ధర్మకీర్తి ప్రమాణవార్తికమున దోషము చూపెను.

10వ శతాబ్దివాడైన ఉదయనుడు ప్రతిపక్షమును దాటవేయలేదు. న్యాయకుసుమాంజలి ఐదు స్తబకములలో ఐదు విప్రతిపత్తులను ఎత్తుకొని సమాధానము చెప్పెను. ఆ గ్రంథమునకు బలము పూర్వపక్షము వలననే కలిగినది.

ఇటీవలి చరిత్ర వేరు. 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాల అధ్యాపకుడగు గోరా నాస్తికభావముల కారణముగ ఉద్యోగము కోల్పోయెను. శాస్త్రము పీట వేసి కూర్చుండబెట్టిన పూర్వపక్షికి కళాశాలలో చోటు లేకపోయెను.

కార్యత్వహేతువొక్కటియే ఈశ్వరుని సాధింపజాలదని నా అభిప్రాయము. మనము చూచిన కర్తలందరు శరీరధారులే గదా! నాతో ఏకీభవింపనివారు ఖండింతురుగాక. అయితే దీపికతోపాటు శ్లోకవార్తికభాగమును పాఠ్యముగ నుంచి, ఉభయపక్షములను సమర్థింపుమని విద్యార్థిని అడుగుట మన కర్తవ్యము. ఆక్షేపము వినని ఆస్తిక్యము కంఠపాఠమే కాని సిద్ధాంతము కాదు.