మా ఒళ్లు మీ లెక్కల పుస్తకం కాదు

నిన్నటిదాకా ఇద్దరు చాలన్నారు. ఇప్పుడు ఇంకా కనమంటున్నారు. రెండు మాటలూ చెప్పింది సర్కారే. కనే ఆడమనిషిని మాత్రం అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచ్‌గా నిలబడొద్దని 1994 పంచాయతీరాజ్ చట్టం చెప్పింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధన తీసేసింది. మరుసటి ఏడు తెలంగాణ మంత్రివర్గమూ అదే దారి పట్టింది. జనాభా తగ్గితే పార్లమెంటు సీట్లు తగ్గుతాయని నాయకుల భయం. మరి మూడో బిడ్డ పుట్టిందని ఇన్నేళ్లు నామినేషన్ వేయలేకపోయిన తండా ఆడబిడ్డలకు జవాబెవరు చెప్తారు?

కుటుంబ నియంత్రణ అన్నారు గానీ కోత పడింది ఆడవాళ్లకే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 60 మందికి పైగా పిల్లల ఆపరేషన్ అయినవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ చిన్నది, ప్రమాదం తక్కువ. అయినా ముందుకొచ్చేవాళ్లు వేళ్లమీద లెక్కే. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. దేవరకొండ నుంచి పట్నం పోయే మా బస్సు ఆ ఊరి మీదుగానే పోతుంది.

1999లో, మళ్లీ 2001లో మా లంబాడీ తండాల ఆడశిశువుల అమ్మకాలు పత్రికలకెక్కాయి. దేవరకొండ పేరు దేశమంతా తెలిసింది. దత్తత పేరుతో బిడ్డ చేతులు మారినకొద్దీ ధర పెరిగింది. డబ్బు మధ్యవర్తులకు పోయింది, నింద తల్లికి మిగిలింది.

మా తప్పూ దాచం. ఒకప్పుడు మా పెళ్లిళ్లలో మగపిల్లవాడి వాళ్లే ఓలి ఇచ్చేవారు. ఇప్పుడు మేమే కట్నం అడుగుతున్నాం. ఆడపిల్లను బరువు చేసింది పైవాళ్లే కాదు, మేమూ.

ఇక రేపటి మాట. పట్నంలో సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు పెరుగుతున్నాయి. డబ్బుకు గర్భం అద్దెకివ్వడాన్ని 2021 సరోగసీ చట్టం నిషేధించింది. మంచిదే. కానీ గర్భాన్ని అమ్ముకునే దాకా తెచ్చిన పేదరికాన్ని ఏ చట్టమూ నిషేధించలేదు. సైన్సు ఎంత పెరిగినా, ఆకలి ఉన్నచోట కొత్త బేరమే పుడుతుంది.

మేము అడిగేవి మూడే. ఆపరేషన్లకు టార్గెట్లు వద్దు. తండాకు దగ్గర్లో కాన్పు చేసే డాక్టరు కావాలి. బడిలో మా పిల్లలకు, మగపిల్లలకు కూడా, ఒంటి గురించి సిగ్గుపడకుండా చెప్పే పాఠం కావాలి.

కనడమా, మానడమా అన్నది ఆ తల్లే చెప్పాలి.